కర్పూరం జడ్జిగారు

మొన్న మా వకీళ్ళ సంఘం గదిలో ఆయన ఫోటోకు దండ వేశారు. పెద్ద చామంతి దండ, తిరుత్తణి నుంచి ప్రత్యేకంగా తెప్పించారు. ఫోటోలో ఆయన నల్లకోటు తొడుక్కుని, బొట్టు పెట్టుకుని, ఎదుటివాడు చెప్పేది వింటున్నట్టు తల కొంచెం పక్కకు వాల్చి ఉన్నాడు. ఆ ఫోటో తీసినవాడికి దణ్ణం పెట్టాలి. నాకు తెలిసి ఆయన ఎదుటివాడి మాట వింటున్నట్టు కనిపించడం అదొక్కసారే.

కార్యదర్శి లేచి గొంతు సవరించుకున్నాడు. ఆయన న్యాయదేవతకు ముద్దుబిడ్డ అన్నాడు. ఆయన ఇచ్చిన తీర్పు ఒక్కటి కూడా పైకోర్టు కొట్టెయ్యలేదన్నాడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. నాకు మెడనొప్పి అనుకున్నాడో ఏమో, పక్కనున్న కుర్ర వకీలు కుర్చీ కాస్త జరిపాడు. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించి, మిక్చరు తిని, టీ తాగి ఇళ్ళకు పోయారు.

ఏ ఊరి కోర్టో చెప్పను. తిరువళ్ళూరు, తిరుత్తణి, ఆ రెంటి మధ్య రైలు ఆగే ఊళ్ళు, ఆ చుట్టుపక్కల ఎక్కడో అనుకోండి. కోర్టుకు పరువుంటుంది కాబట్టి ఆయన పేరు కూడా చెప్పను. మా వైపు పాత కక్షిదారులకు కర్పూరం జడ్జి అంటే చాలు, పేరుతో పనిలేదు.

డెబ్భైల మధ్యలో ఆయన మా కోర్టుకు వచ్చాడు. రైళ్ళు టైముకు నడుస్తున్నాయని అందరూ ఆశ్చర్యంగా చెప్పుకుంటున్న రోజులు. ఆయన బెంచి ఎక్కగానే చేసే మొదటి పని ఫ్యాను ఆపించడం. కాగితాలు ఎగిరిపోతాయట. ఏ కాగితాలు ఎగిరిపోతాయో మాకు అంతుపట్టేది కాదు, ఎందుకంటే ఆయన ముందు ఏ కట్టా విప్పి ఉండేది కాదు. మే నెలలో నల్లకోట్ల లోపల మేం ఉడికిపోతుంటే ఆయన మాత్రం డవాలి బంట్రోతు చేత విసనకర్రతో విసిరించుకునేవాడు.

వకీలు వాదన మొదలుపెట్టగానే చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టేవాడు. పెట్టి ఊరుకుంటే బాగుండేది. కాసేపయ్యాక దాన్ని తీసి కీ ఇచ్చేవాడు. ఆ కర్ కర్ శబ్దం గదంతా వినపడేది. ఒకసారి బోనులో నిలబడి తన పొలం గట్టు ఎట్లా జరిపేశారో చెబుతున్న పాండూరు ముసలాయన ఆ చప్పుడుకు తడబడి, "టైమయిపోయిందా సామీ?" అని అడిగాడు. జడ్జిగారు నవ్వి ఆ కేసు రెండు నెలలు వాయిదా వేశాడు.

మేం తీర్పుల పుస్తకాలు మోసుకొచ్చి, చూడవలసిన పేజీల్లో కాగితం ముక్కలు పెట్టి అందించేవాళ్ళం. వాటిని ఆయన తెరిచేవాడు కాదు. బిడ్డకు జ్వరం తగ్గిందా లేదా అని చూసే తల్లిలాగా అట్టమీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. తర్వాత "సరే, చూస్తాను" అనేవాడు. సాయంత్రం మా గుమాస్తాలు ఆ పుస్తకాలను పెట్టిన కాగితం పెట్టినట్టే వెనక్కి మోసుకుపోయేవాళ్ళు.

ఇంకో సంగతి. ఆయన తెలుగువాడే. తిరువళ్ళూరులో తాతల నాటి నుంచీ నూనె వ్యాపారం చేసిన ఇంటివాడు. సాయంత్రం రైల్లో నా పక్కన కూర్చుని, మాగాయలో నూనె ఎంత పొయ్యాలో అచ్చమైన తెలుగులో, రైలు అరక్కోణం దాటిపోయేదాకా చెప్పేవాడు. కోర్టులో మాత్రం తెలుగు రాదు. మా పల్లెల నుంచి వచ్చే రెడ్లు, నాయుళ్ళు, సాక్ష్యం చెప్పే ముసలమ్మలు తెలుగులో చెబితే బెంచి క్లార్కు తమిళంలోకి మార్చి చెప్పాలి. అప్పటిదాకా ఆయన అర్థం కానట్టు ముఖం పెట్టేవాడు. సాక్షి ఏదైనా తమాషాగా అంటే మాత్రం తర్జుమా రాకముందే నవ్వేసేవాడు. నవ్వేసి, తప్పు పట్టుబడ్డట్టు చటుక్కున గంభీరంగా కూర్చుని, "ఎన్న సొల్రాంగ?" అని క్లార్కును అడిగేవాడు. ఏమంటున్నారు అని! మేమంతా పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "పేసి ముడిచ్చుక్కలామే." మాట్లాడుకుని తేల్చుకోవచ్చు కదా అని. ఆ మాట చెడ్డదేం కాదు. అన్నదమ్ములు కోర్టు బయట కూర్చుని రాజీపడి, ఒకే బస్సెక్కి ఊరికి పోతే అంతకన్నా కావలసిందేముంది? కానీ ఆయన వాళ్ళ మేలు కోరి అనేవాడు కాదు. తీర్పు రాయడమంటే ఆయనకు భయం. తీర్పంటే ఎవరో ఒకరిని ఓడించాలి. ఎందుకు ఓడించామో కారణం రాయాలి. రాసినదాన్ని పైకోర్టు చదువుతుంది. చదివి కొట్టేస్తుంది. అందుకని ఆయన కారణాలు రాయకుండా కేసులు తెంపే మార్గాలు వెతికేవాడు. మొదట రాజీ. లొంగకపోతే వాయిదా మీద వాయిదా. దానికీ అలిసిపోని మొండివాళ్ళకు కర్పూరం.

తెలియనివాళ్ళకు ఈ కర్పూరం సంగతి చెప్పాలి. మా వైపు ఇద్దరి మధ్య మాట తేడా వచ్చి, సాక్ష్యం లేకపోతే గుడికి పోతారు. పళ్ళెంలో కర్పూరం వెలిగిస్తారు. తాను చెప్పేది నిజమని చెప్పి ఆ మంటను అరచేత్తో కొట్టి ఆర్పాలి. ఆర్పినవాడి మాటకు తిరుగులేదు. అబద్ధమాడి ఆర్పితే వాడి వంశం కూడా అట్లాగే ఆరిపోతుందని నమ్మకం. పోయిన మేక దగ్గర్నుంచి పెళ్ళి మాటల దాకా ఎన్నో తగాదాలు ఇట్లా తేలేవి. పాత చట్టంలో దీనికి చోటుండేది కూడా. అవతలి పక్షం ఫలానా గుడిలో ప్రమాణం చేస్తే కట్టుబడతానని ఒకరంటే, రెండోవారు సరేనంటే, కోర్టు దాన్నే తీర్పుగా తీసుకోవచ్చు. మన జడ్జిగారు మా కోర్టుకు వచ్చేనాటికి ఆ చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది. అందులో ఆ సెక్షను లేదు. అయినా ఆయన శుక్రవారాల్లో కక్షిదారులను తిరుత్తణి కొండకు పంపిస్తూనే ఉన్నాడు. కూడా ఒక కుర్ర వకీలును కమిషనరుగా పంపేవాడు. అతను చూసి వచ్చి ఫలానావారు ఆర్పారని రాసిస్తే, జడ్జిగారు దానికింద సంతకం పెట్టేవాడు. తప్పయితే సుబ్రహ్మణ్యస్వామిది, ఒప్పయితే ఈయనది.

జనం మాత్రం మహా సంబరపడ్డారు. ఏళ్ళ తరబడి నడిచే కేసు ఒక్క పూటలో తేలిపోతోందని టీకొట్ల దగ్గర మెచ్చుకున్నారు. ఒక తమిళ పత్రిక ఆయన్ని పొగుడుతూ సగం పేజీ రాసింది. ఆయన ఆ ముక్కను కత్తిరించి పర్సులో పెట్టుకుని రైల్లో మాకు చూపించేవాడు. ఓడినవాళ్ళను ఏ పత్రికవాడూ అడగలేదు.

ఆ ఓడినవాళ్ళలో చెంగమ్మ ఒకతె. నా కక్షిదారు. మొగుడు పోయాడు, ఒక ఆడపిల్ల ఉంది. అన్నదమ్ముల ఉమ్మడి పొలంలో మొగుడి వంతు సగం తనకు రావాలని దావా వేసింది. ఎర్రమన్ను కలిసిన మంచి నేల, పక్కనే బావి. ఆ సగం వస్తే తల్లీబిడ్డా తింటారు, రాకపోతే కూలికి పోవాలి. మరిది ఒప్పుకోలేదు. అన్న పోయేముందు తన వంతు నాకే వదిలేశానని నోటిమాటగా చెప్పాడు, విన్నవాళ్ళున్నారు అన్నాడు. ఇద్దరు సాక్షులను తెచ్చాడు. ఆ మాట పొద్దున కల్లంలో అన్నాడని ఒకడు, సాయంత్రం ఇంటి తిన్నెమీద అన్నాడని ఇంకొకడు చెప్పారు. అంతకన్నా తేలికైన కేసు నా చేతికి మళ్ళీ రాలేదు. ఈ సాక్షులను నమ్మలేను అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

ఆ ఒక్క ముక్క రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. మరిది వకీలు ఆయన బలహీనత తెలిసినవాడు. లేచి, మొగుడు ఆ మాట అనలేదని ఆవిడ తిరుత్తణిలో కర్పూరం ఆర్పితే మేం ఆ సగం వదులుకుంటాం అన్నాడు. జడ్జిగారి ముఖం వెలిగిపోయింది. నేను లేచి ఆ చట్టం ఇప్పుడు లేదన్నాను. పుస్తకం అందించాను. ఆయన అట్టమీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పాత చట్టంలో కూడా ప్రమాణం చెయ్యనంటే ఓడినట్టు కాదన్నాను. ఆయన గడియారానికి కీ ఇచ్చాడు. శుక్రవారం కొండకు పొమ్మన్నాడు.

బయటికి వచ్చాక చెంగమ్మ నాతో చెప్పింది. "అయ్యా, పొమ్మన్నారు కాబట్టి పోతాను. సామికి దండం పెట్టుకుంటాను. ఆర్పేది మాత్రం లేదు."

"నువ్వు చెప్పేది నిజమే కదమ్మా?"

"నిజం కాబట్టే ఆర్పను. మా ఇంట్లో అబద్దానికీ ఆర్పరు, నిజానికీ ఆర్పరు. మా తాత ఒకసారి ఆర్పినాడు, నిజానికే. ఆ ఏడే ఇంట్లో బిడ్డ అమ్మోరు పోసి చచ్చిపోయినాడు. ఇంక చూసుకో అయ్యా, ఊరంతా అబద్దమాడినాడు, అందుకే బిడ్డ పోయినాడు అనిరి. ఆయన బతికినన్నాళ్ళూ తలెత్తలేదు. ఆ పొద్దు నుంచి మావాళ్ళు ఎవురూ కర్పూరం జోలికి పోరు."

శుక్రవారం నాడు కొండ కింద మండపంలో అందరం చేరాం. ఆశ్చర్యం, జడ్జిగారు కూడా వచ్చాడు. దర్శనానికి వచ్చానన్నాడు. పట్టుపంచె, భుజాన కండువా, నుదుట విభూతి. తన కోర్టు ఇంకోచోట కూడా నడుస్తోందని చూసి మురిసిపోతున్నట్టు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. చెంగమ్మ ఎదురుగా నిలబడి చేతులు జోడించింది. జోడించిన చేతులు విప్పలేదు.

"ఆర్పేయ్ వదినా," అన్నాడు మరిది. "ఆర్పితే నేను ఇట్లనే పోతాను. పొలం నీదే."

ఆమె కదల్లేదు. అప్పుడు జడ్జిగారు స్తంభం దగ్గర్నుంచి ముందుకు వచ్చి, కోర్టులో ఒక్కనాడూ రాని తెలుగులో, ఎంతో తియ్యగా అన్నాడు: "ఏం తల్లీ, నిజమే అయితే భయమెందుకు?"

చెంగమ్మ ఆయన వైపు తిరిగి చూసింది. "భయం కాదు సామీ. నాకు ఒకే బిడ్డ. రేపు దానికి జొరమొస్తే, మీరు వచ్చి ఇది ఉత్త జొరమే అని ఊళ్ళో చెప్తారా?"

ఆయన నవ్వాడు. కర్పూరం కాసేపు మండి, పళ్ళెంలో నల్లటి మరక మిగిల్చి దానంతటదే ఆరిపోయింది. ఆరింది గానీ ఆమె ఆర్పలేదు, రాసుకోండి అని మరిది వకీలు కమిషనరుకు గుర్తు చేశాడు.

వారం తిరక్కుండా తీర్పు వచ్చింది. ఒక్క పేజీ. వాది దేవుని ఎదుట తన మాట నిజమని చెప్పడానికి వెనకాడింది కాబట్టి ఆమె మాట నమ్మదగింది కాదని, దావా కొట్టేస్తున్నానని. పొద్దున కల్లం, సాయంత్రం తిన్నె ఆ పేజీలో ఎక్కడా లేవు. అంత కోపం నాకు కోర్టులో ఇంకెప్పుడూ రాలేదు. బయటికి వచ్చి కోటు విప్పి బెంచీమీద విసిరేశాను.

అప్పీలు వేశాం. అది నడిచినన్నాళ్ళు నడిచింది. పైకోర్టు ఆ తీర్పును నిలబెట్టలేదు. ఈ పద్ధతి చట్టంలో లేదని రాసి, మళ్ళీ విచారించమని కింది కోర్టుకు తిప్పి పంపింది. రైల్లో ఆయన్ని పలకరించాను. "కొట్టెయ్యలేదయ్యా, తిప్పి పంపినారు, అంతే," అన్నాడు. ఆయన లెక్కలో రెండూ వేరు. మొన్న కార్యదర్శి చదివిన ఘనత ఇట్లా పుట్టిందే.

ఆ కేసు మళ్ళీ విచారణకు వచ్చేనాటికి ఆయన రిటైరయ్యాడు. కొత్త జడ్జి కుర్రవాడు. ఫ్యాను వేయించి, సాక్ష్యం చదివి, కల్లానికీ తిన్నెకూ పొత్తు కుదరడంలేదని రాసి, చెంగమ్మకు సగం ఇచ్చాడు. సగం స్వాధీనం చేసుకోవడానికి కోర్టు అమీనాతో పోయి చూస్తే అక్కడ పొలం లేదు. ఈలోపల మరిది పైమన్నంతా ఇటుకల సూళవాళ్ళకు, అంటే బట్టీలవాళ్ళకు, అమ్మేశాడు. మనిషి లోతున తవ్వుకుపోయారు. అడుగున తెల్లటి మొరం, అందులో నిన్నటి వాననీళ్ళు. ఆ గుంతలో సగానికి అమీనా హద్దురాళ్ళు నాటించాడు. అంత మంచి నేల పోవడానికి ఒక మనిషి పిరికితనం సరిపోయింది.

అప్పటివరకూ నేను ఆయన్ని ఉత్త అసమర్థుడనే అనుకునేవాణ్ణి. పుస్తకం తెరవడు కాబట్టి చట్టం మారిన సంగతి తెలియదనుకునేవాణ్ణి. తెలియనివాడి మీద కోపం ఎంతకాలం ఉంటుంది? ఎనభైల మొదట్లో ఒక ఆదివారం పొద్దున ఆయన మా ఇంటికి వచ్చాడు. చంకలో ఒక పుస్తకం. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"చూడవయ్యా ఈ అనాగరికం! అమ్మ పోయేముందు ఇంటి వెనకభాగం తనకిమ్మని నాతో చెప్పిందట, మా చెల్లెలు అంటోంది. నేను అమ్మ అట్ల అనలేదంటున్నాను. మా కులపెద్దలు ఏమంటారో తెలుసా? తిరుత్తణికి వచ్చి కర్పూరం ఆర్పమంటారు! నన్ను! ఒక జడ్జిని!"

నేను కాఫీ తెప్పించాను. నవ్వు ఆపుకోవడానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా.

"ఆర్పితే అయిపోతుంది కదా సార్?"

"ఏం మాట్లాడుతున్నావయ్యా? చట్టంలో ఆ సెక్షను యాడుంది? కొత్త చట్టం వచ్చినప్పుడే తీసేసినారు. నేను బెంచి ఎక్కకముందే తీసేసినారు. పాత చట్టంలో కూడా, ప్రమాణం చెయ్యనంటే ఓడినట్టని ఎవరన్నారు?" అంటూ పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. సరైన పేజీలో కాగితం ముక్క పెట్టి ఉంది. ఆయన పుస్తకం తెరవడం నేను చూడటం అదే మొదలు. చెంగమ్మ కేసులో నేను నిలబడి చెప్పిన మాటలే అవి, ఒక్కటీ వదలకుండా.

అంటే ఆయనకు మొదటినుంచీ తెలుసు. ప్రతి శుక్రవారం తెలుసు. పట్టుపంచె కట్టుకుని స్తంభానికి ఆనుకున్నప్పుడు కూడా తెలుసు.

"నిజమే అయితే భయమెందుకు సార్?" అన్నాను.

ఆయన గొంతు తగ్గింది. "ఇంట్లో మనవరాళ్ళున్నారయ్యా. రేపు ఎవరికన్నా ఏదన్నా అయితే ఊళ్ళో ఏమనుకుంటారు?"

"చెంగమ్మ గుర్తుందా సార్?"

"ఏ చెంగమ్మ?" అన్నాడు. దాస్తున్నాడేమోనని ఆయన ముఖంలోకి తేరిపార చూశాను. దాచడం లేదు. నిజంగానే గుర్తులేదు.

నేను పుస్తకం మూసి ఆయన చేతికిచ్చాను. ఇచ్చేముందు ఆయనలాగే అట్టమీద ఒకసారి అరచెయ్యి పెట్టి తియ్యడం మాత్రం నేను మర్చిపోలేదు. "పేసి ముడిచ్చుక్కలామే సార్," అన్నాను. ఆయన కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. తర్వాత చెల్లెలికి వెనకభాగం రాసిచ్చేశాడని విన్నాను. కోర్టుకెక్కితే తనలాంటివాడు బెంచిమీద ఉంటాడేమోనని భయపడి ఉంటాడు.

చివరి రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. నోట మాట పడిపోయింది. చాలాకాలం మంచంమీద ఉండి, ఈమధ్యే పోయాడు.

సంతాపసభ అయిన మర్నాడు నేను బస్సెక్కి చెంగమ్మ ఊరికి పోయాను. ఆ వార్త నా నోటితో ఆమెకు చెప్పాలనిపించింది. దాచుకోవడమెందుకు, సంతోషంగానే పోయాను. ఆమె పొలం దగ్గరే ఉంది. ఏటేటా ఎండాకాలంలో చెరువు ఒండ్రు తోలించి ఆ గుంతను పూడుస్తోంది. ఒక మూల కాస్త పైకి వచ్చింది, అక్కడ వేరుశనగ వేసింది. మిగిలినదంతా గుంతే. జుట్టు నెరిసింది, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మన్ను సర్దుతోంది.

"ఆ కర్పూరం జడ్జి పోయినాడు చెంగమ్మా," అన్నాను.

"అయ్యో పాపం. ఎట్ల పోయినాడు?"

"నోరు పడిపోయింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని అన్యాయం చేసినాడు కదా, ఆ కొండమీద సామే నోరు కట్టేసినాడని ఊళ్ళో అంటున్నారు." ఊళ్ళో అంటున్నమాట నిజమే. చెప్పేటప్పుడు నా గొంతులోని తృప్తి నాకే వినపడింది.

చెంగమ్మ పార కింద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుని నన్ను చూసింది. ఆ రోజు మండపంలో ఆయన్ని చూసిన చూపే.

"అట్ల అనొద్దు అయ్యా. ఆయనింట్లో మనవరాళ్ళుంటారు, వింటారు," అంది. "అట్ల అంటారనే కదా ఆ పొద్దు నేను ఆర్పలేదు."

బండివాడు ఇంకో బండి మన్ను తోలుకొచ్చి ఎక్కడ పొయ్యాలని కేకేశాడు. ఆమె పార తీసుకుని అటు పోయింది.